వేములవాడ నుంచి ట్రాయ్‌కి ఒక ఉత్తరం

2015 ఏప్రిల్ నెలలో, ఎండలు ముదురుతున్న ఒక మధ్యాహ్నం, వేములవాడ గుడి వీధిలోని నెట్ సెంటరులో కూర్చుని భారత టెలికాం నియంత్రణ సంస్థకు, అంటే ట్రాయ్‌కి, నేనొక ఉత్తరం పంపాను. నిజం చెప్పాలంటే ఆ ఉత్తరం నాది కాదు. ఎవరో చక్కని ఇంగ్లీషులో రాసిపెట్టిన జాబుకు కింద నా పేరు తగిలించాను, అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నెల 24వ తేదీ గడువు ముగిసేలోగా అటువంటి ఉత్తరాలు పది లక్షలకు పైగా ఆ సంస్థకు చేరాయి. ఒక సర్కారు కార్యాలయం వెలువరించిన చర్చాపత్రానికి మన దేశంలో అంతకుముందు అంత స్పందన వచ్చినట్లు నేను వినలేదు.

పదేళ్ళు దాటాయి కనుక దీన్నిక చరిత్రగా రాసుకోవచ్చు. ఇంగ్లీషులో దీని మీద చాలానే రాశారు. అన్నింటిలోనూ కథ దాదాపు ఒకటే: బెంగుళూరు, ఢిల్లీ నగరాల యువకులు కొందరు కలిసి ఫేస్‌బుక్కును ఓడించారు. అది అబద్ధం కాదు. కానీ మా ఊరి నుంచి చూస్తే ఆ కథ అక్కడ మొదలు కాదు, అంత సాఫీగానూ ఉండదు. ఈ టపా రాయడానికి కారణం అదే.

ముందు మాట సంగతి. నెట్ న్యూట్రాలిటీ అన్న పదాన్ని 2003లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ వాడుకలోకి తెచ్చాడు. దాన్ని మనవాళ్ళు ‘అంతర్జాల తటస్థత’ అన్నారు. తటస్థుడంటే ఒడ్డున నిలబడినవాడని అర్థం. సరైన అనువాదమే గాని, విన్నవాడికి ఏమీ తోచదు. నేనైతే తపాలా బంట్రోతును ఉదాహరణగా చెప్పేవాణ్ణి. అతడు ఉత్తరం మోస్తాడు, మోసినందుకు బిళ్ళ ధర తీసుకుంటాడు. లోపల పెళ్ళి కబురుందా అప్పు కబురుందా అని చూసి వెల మార్చడు. నెట్టు తీగ వేసినవాడూ అట్లాగే ఉండాలన్నది ఈ సూత్రం. ఏ పుటను తెరిచినా ఒకటే వేగం, ఒకటే ధర, ఏదీ ఆపకూడదు.

ఇది వేములవాడకు ఎందుకు పట్టింది?

మా ప్రాంతం తెలియని చదువరులకు రెండు మాటలు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ పల్లెల్లో ఒక వాడుక ఉంది. పొలం ఎండితే మనిషి పోగల చోట్లు ఆ మూడే అని దాని భావం. వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు అరుదు. నా చిన్ననాట అక్కడినుంచి కబురు రావాలంటే ఉత్తరమే. రాయడం రానివాళ్ళు క్యాసెట్టులో మాటలు నింపి, సెలవుపై వచ్చేవాని చేతికిచ్చి పంపేవారు. క్యాసెట్టు వచ్చిననాడు టేపురికార్డరు ఉన్న ఇల్లు వెతుక్కుంటూ అవ్వలూ కోడళ్ళూ కలిసి వచ్చేవారు. ఒకే మాటను నాలుగుసార్లు వెనక్కి తిప్పించి వినడం నాకు బాగా గుర్తు. తరువాత ఎస్టీడీ, ఐఎస్డీ బూతులు వచ్చాయి. అద్దాల డబ్బాలో తల్లి మాట్లాడుతుంటుంది, చూపు మాత్రం పైన పరుగెత్తే ఎర్ర అంకెల మీద ఉంటుంది. ఏడుపు వచ్చినా ఏడవడానికి లేదు, నిమిషానికి పదుల రూపాయలు.

ఆ ఎర్ర అంకెలకు మొదటి ఎసరు ఇంటర్నెట్టే పెట్టింది. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందింది. ఇచ్చింది విదేశ్ సంచార్ నిగమ్. విదేశీ ఫోను పిలుపుల మీద గుత్తాధిపత్యమూ దానిదే. నెట్టు ద్వారా మాట్లాడుకునే వీలు కల్పించే సైట్లు బయలుదేరగానే, తన ఆదాయానికే గండి కొట్టే సరుకును తన తీగ మీదనే మోయవలసిన ఇరకాటం ఆ సంస్థకు ఎదురైంది. ఆ సైట్లను అడ్డుకుంటోందని అరుణ్ మెహతా అనే ఇంజనీరు 1998లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాడు. టిమ్ వూ ఆ పదం వాడడానికి అయిదేళ్ళ ముందు సంగతి ఇది. మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ పోరాటానికి ఆద్యుడెవరని నన్నడిగితే, పేరు పుట్టకముందే పని మొదలుపెట్టిన ఆయన పేరు చెబుతాను. చివరకు 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ టెలిఫోనీని ప్రభుత్వం అనుమతించింది.

ఆ తరువాతి ఏళ్ళలో మా ఊరి నెట్ సెంటర్లలో చెవులకు డబ్బాలు పెట్టుకుని గట్టిగా అరిచే అవ్వలను చూశాను. మా వాడకట్టులో ఒకామె, కొడుకు దుబాయిలో మేస్త్రీ, వారానికోసారి నన్ను పట్టుకునేది. “సారూ, జర మా పిలగాన్ని కలిపియ్యవా, ఫోటోల మాట్లాడేది.” ఫోటోలో మాట్లాడేది అంటే వీడియో కాల్ అన్నమాట. ఆ పేరే బాగుందనిపిస్తుంది నాకు. స్మార్టుఫోన్లు వచ్చాక స్కైపు, వైబరు, ఐఎంఓ, వాట్సాపు ఈ పని ఇంటికే తెచ్చిపెట్టాయి.

అందుకే 2014 డిసెంబరులో వచ్చిన వార్త మా వీధుల్లో నేరుగా తగిలింది. ఇంటర్నెట్ కాల్స్‌కు వాడే డేటాకు వేరుగా, ఎక్కువగా ధర వసూలు చేస్తామని ఎయిర్‌టెల్ ప్రకటించింది. గగ్గోలు పుట్టడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఈ విషయమై ట్రాయ్ సంప్రదింపులు జరపబోతున్నదనీ అప్పుడే తెలిసింది. ఆ చర్చాపత్రం 2015 మార్చి 27న వచ్చింది. 118 పుటలు, 20 ప్రశ్నలు. వాట్సాపు, స్కైపు వంటివాటికి లైసెన్సు ఉండాలా, తీగ వేసిన కంపెనీలకు అవి ఏమైనా చెల్లించాలా అన్నవి అందులోని ముఖ్యమైన ప్రశ్నలు. ఆ 20 ప్రశ్నల్లో కొన్నిటి వాక్యనిర్మాణం ఎటువంటిదంటే, చదివి అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. వ్యాకరణం చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి.

ఇక్కడ ఆ నగర యువకుల పని గొప్పది, ఒప్పుకోవాలి. మీడియానామా నడిపే నిఖిల్ పాహ్వా, బెంగుళూరు హస్‌గీక్ స్థాపకుడు కిరణ్ జొన్నలగడ్డ (ఇంటిపేరు చూడగానే మనవాడే అనుకున్నాను), న్యాయవాది అపర్ గుప్తా, ఇంకా ఎందరో కలిసి, వేతనం లేకుండా, ఆ పత్రాన్ని అరటిపండు ఒలిచినట్లు ఒలిచారు. ఇరవై ప్రశ్నలకూ జవాబులు తయారు చేశారు. ‘సేవ్ ది ఇంటర్నెట్’ సైటులో ఒక మీట నొక్కితే అవి ట్రాయ్‌కి మెయిలుగా వెళ్ళే ఏర్పాటు చేశారు. ఏప్రిల్ 11న ఏఐబీ అనే హాస్యబృందం ఒక వీడియో విడుదల చేసింది. దానితో ఉత్తరాలు వేల నుంచి లక్షల్లోకి దూకాయి. అంతకు అయిదు రోజుల ముందే ‘ఎయిర్‌టెల్ జీరో’ పథకం వచ్చింది. చేరిన కంపెనీల ఆప్‌లు వాడితే డేటా ఖర్చు వాడకందారుకు పడదు, ఆ కంపెనీయే కడుతుంది. అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ ఏప్రిల్ 14న తప్పుకుంది. 22వ తేదీన రాహుల్ గాంధీ లోక్‌సభలో ఈ విషయం ఎత్తాడు. మన వైపు హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు, తెలుగులో లినక్సు తెచ్చినవారుగా వారు మనకు పరిచితులే, ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి వీధిలోకి వచ్చారు. మెయిలు మీట నొక్కడమే ఉద్యమమా అని ఎగతాళి చేసినవారికి ఆ పిల్లలు మంచి జవాబు.

వేములవాడలో మాత్రం ఊరేగింపులు లేవు, కరపత్రాలు లేవు. నెట్ సెంటరులో నేను, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు, మా మూడు మెయిళ్ళు. ఆ కుర్రాళ్ళతో కలిసి సెల్‌ఫోన్ రీచార్జి కొట్టుకు వెళ్ళి, కొట్టు ఆసామికి ఈ విషయం చెప్పబోయాను. ఆ సంభాషణే ఇన్నేళ్ళుగా నన్ను వదలడం లేదు.

అప్పటికే ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే మరొక పథకం మా దాకా వచ్చేసింది. 2015 ఫిబ్రవరి 10న ఫేస్‌బుక్కూ రిలయన్స్ కమ్యూనికేషన్సూ కలిసి దాన్ని మన దేశంలో మొదలుపెట్టాయి. మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిలు ఉంది. రాష్ట్రం విడిపోయినా టెలికాంవారి లెక్కలో మేము అందులోనే. ఇచ్చిన భాషల్లో తెలుగూ ఉంది. రిలయన్స్ సిమ్ము ఉంటే పైసా ఖర్చు లేకుండా మూడు డజన్లకు పైగా సైట్లు చూడవచ్చు: ఫేస్‌బుక్కు, వికీపీడియా, వాతావరణం, క్రికెట్టు, ఉద్యోగాలు, వెతకడానికి బింగ్. గూగుల్ లేదు, మిగతా ప్రపంచమూ లేదు.

“ఫ్రీగ ఇస్తమంటె వద్దనుడేంది సారూ?” అన్నాడు కొట్టు ఆసామి. “మీకు జీతమొస్తది, ప్యాకు ఏసుకుంటరు. బీడీలు చేసేటామె యాడికెళ్ళి తెస్తది?”

వివక్ష, రెండు రకాల నెట్టు అని ఏదో చెప్పబోయాను. అతడు గుడి వైపు చెయ్యి చూపించాడు. “గుళ్ళె ధర్మదర్శనం లైను లేదా, టికెట్ లైను లేదా? ఎవ్వలన్న లొల్లి చేస్తున్నరా? గిదీ గట్లనే.”

నా దగ్గర జవాబు లేదు. కుర్రాళ్ళ ముందు కొంచెం చిన్నబోయాను కూడా. సోమవారం నాడు కోడెను పట్టుకుని గంటల తరబడి నిలబడే జనాన్ని రోజూ చూసేవాణ్ణి, ఆ పోలిక నాకు ముందే తట్టి ఉండవలసింది. ఇంటికి వచ్చి చాలా రోజులు ఆలోచించాక జవాబు దొరికింది, కొంచెం ఆలస్యంగా. టిక్కెట్టు ఎవరు ముందు వెళ్ళాలో తేలుస్తుంది గాని, ఏ దేవుణ్ణి చూడాలో తేల్చదు. బస్టాండులో ఒక ఉచిత బస్సు ఉందనుకోండి. రాజన్న గుడి దగ్గర మాత్రమే దింపుతుంది. భీమన్న గుడికి, బద్ది పోచమ్మకు పోవాలంటే పైసలిచ్చి ఆటో ఎక్కాలి. డబ్బున్న భక్తుడు మూడు గుళ్ళూ తిరుగుతాడు. లేనివాడికి కొన్నాళ్ళకు బద్ది పోచమ్మ అనే తల్లి ఉందన్న సంగతే తెలియదు. ఆ బస్సు ఎవరు పెట్టారు, ఏ గుడి ముందు ఆపాలని ఎవరు చెప్పారు అన్నదే ప్రశ్న.

ఈ లెక్కలో మన పుటలు బద్ది పోచమ్మ పక్షం. మిత్రులకు జ్ఞాపకం చేయనవసరం లేదు: లేఖినిలో రోమను అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుని, ఉచిత గూట్లో అతికించి, కూడలిలో కనిపించిందా లేదా అని పది నిమిషాలకోసారి చూసుకున్నవాళ్ళం మనం. దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్ల కోటల్లో ఉన్న కాలంలో యూనికోడులో తెలుగు రాశి పోసింది జీతం లేని మనుషులు. ఎవరినీ అనుమతి అడగలేదు, ఎవరికీ దరఖాస్తు పెట్టలేదు. మా ప్రాంతంలో ఇదేమీ కొత్త కాదు లెండి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు, తెలుగులో కంద పద్యాలతో సహా. గుట్ట ఎక్కిన ప్రతివాడూ చదువుకోవచ్చు. దానిని మా జిల్లా తొలి టపా అని నేను సరదాగా అంటూ ఉంటాను.

ఇంటర్నెట్ డాట్ ఆర్గ్‌లో అలా కాదు. విమర్శలు పెరిగాక 2015 మేలో దాన్ని ఏ సైటైనా చేరవచ్చునంటూ తెరిచారు, సెప్టెంబరులో ‘ఫ్రీ బేసిక్స్’ అని పేరు మార్చారు. కానీ చేరాలంటే దరఖాస్తు పెట్టాలి, జావాస్క్రిప్టు ఉండకూడదు, వీడియో ఉండకూడదు, పెద్ద బొమ్మలు ఉండకూడదు, చదువరుల రాకపోకలన్నీ ఫేస్‌బుక్కు సర్వరు గుండా పోవాలి. ఉచిత గూట్లో ఉన్న మన పుటల్లో ఆ నియమాలకు తట్టుకునేవి ఎన్ని? తెలుగు ‘ఇస్తున్నాం’ అన్నారు, నిజమే. తెలుగు రాసేవాళ్ళు మాత్రం అందులో లేరు.

అయినా ఒక ఇబ్బంది దాచకూడదు. మనలో చాలామంది తెవికీలోనూ పనిచేసినవాళ్ళం. వికీపీడియా జీరో అనే పథకం కింద 2013లో ఎయిర్‌సెల్‌వారు మన దేశంలో వికీపీడియాను ఉచితంగా చూపించారు. అప్పుడు నేను సంతోషించాను, నా వ్యాసాలు పేదపిల్లలు చదువుతారని. అదీ ఒక్క గుడి దగ్గర ఆగే బస్సే కదా? మన గుడి కనుక మంచిదైంది. ఈ సంగతి నాకు తట్టింది 2016లో, ట్రాయ్ నిబంధనలు చదివినప్పుడు.

ఆ నిబంధనల ముందు జరిగిన గొడవ క్లుప్తంగా. 2015 డిసెంబరు 9న ట్రాయ్ రెండో చర్చాపత్రం తెచ్చింది, సైటును బట్టి డేటా ధర మార్చవచ్చునా అని. ఈసారి ప్రశ్నలు నాలుగే. ఫేస్‌బుక్కు తన వాడకందారులకు ‘ఫ్రీ బేసిక్స్‌ను కాపాడండి’ అని ఒక మూస ఉత్తరం చూపించి లక్షలకొద్దీ పంపించింది. పత్రికల్లో నిండు పుటల ప్రకటనలు, నగరాల్లో హోర్డింగులు. డిసెంబరు 28న జుకర్‌బర్గ్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో స్వయంగా వ్యాసం రాసి, మహారాష్ట్రలోని ఒక రైతు ఉదాహరణ చెప్పాడు. ఆ మూస ఉత్తరాల్లో తాము అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు లేదని ట్రాయ్ ఫేస్‌బుక్కుకు ఘాటుగానే రాసింది. ఇక్కడ నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నేను ఏప్రిల్‌లో పంపింది కూడా మూసలేఖే. అందులో జవాబులున్నాయన్నదొక్కటే తేడా, ఆ జవాబులు నావి కావు.

2016 ఫిబ్రవరి 8న, ఆర్.ఎస్. శర్మ అధ్యక్షుడుగా ఉన్న ట్రాయ్ తీర్పు చెప్పింది. ఏమి చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదు. మీరితే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. అత్యవసర సమయాలకు మాత్రం మినహాయింపు. మూడు రోజుల తరువాత ఫేస్‌బుక్కు ఫ్రీ బేసిక్స్‌ను మన దేశంలో ఆపివేసింది. ఆ కంపెనీ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్, వలసపాలన వ్యతిరేకత భారతీయులకు నష్టమే తెచ్చిందన్న అర్థం వచ్చేట్లు ట్విట్టరులో రాసి, మరునాడు క్షమాపణ చెప్పుకున్నాడు. 2018 జులైలో కేంద్రం మరింత విస్తృతమైన నియమాలను ఆమోదించింది. అడ్డుకోవడం, వేగం తగ్గించడం, డబ్బు తీసుకుని వేగం పెంచడం, అన్నీ నిషిద్ధం. అమెరికా అప్పటికే, 2017 డిసెంబరులో, తన నియమాలను రద్దు చేసుకుంది. 2024లో తిరిగి తెచ్చుకున్నవాటిని 2025 జనవరిలో అక్కడి కోర్టు కొట్టేసింది.

మరి బీడీలు చేసే ఆమె? కొట్టు ఆసామి ప్రశ్నకు నిబంధనలు జవాబు చెప్పలేదు. జవాబు 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో చెప్పింది. డేటా ధర పడిపోయింది, సంవత్సరం తిరిగేసరికి ఆమె చేతిలోనూ నెట్టు ఉంది, మొత్తం నెట్టు. ఉచిత తోట లేకపోతే పేదలకు నెట్టే లేదన్న వాదం ఏడు నెలల్లో వీగిపోయింది. ఇది ఉద్యమం ఘనత అని చెప్పుకోవడం నాకిష్టం లేదు, ఒక పెద్ద వ్యాపారి ఎత్తుగడ అది. దాని తాకిడికి ఫ్రీ బేసిక్స్ మోసిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర మొబైలు సేవలు మూసుకుంది, వికీపీడియాను ఉచితంగా ఇచ్చిన ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. ట్రాయ్ అవునని ఉంటే ఆ వ్యాపారి తోట ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చు.

మేము గెలిచిందేమిటో నాకు అర్థమైంది దుబాయి వల్ల. 2015 నాటి చర్చాపత్రం అడిగిన పనిని ఎమిరేట్సులో నిజంగానే చేశారు. మామూలు వాట్సాపు కాల్ సాగనివ్వరు. 2018లో అక్కడి కంపెనీలు, అనుమతి పొందిన ఆప్‌ల ద్వారా మాట్లాడుకోవడానికి నెలకు 50 దిర్హాముల పథకం పెట్టాయి. సౌదీలో ఇటువంటి ఆంక్షలు 2017 సెప్టెంబరులో సడలాయి. మా వాడకట్టు మేస్త్రీ అన్నదమ్ముల్లో పెద్దవాడు దుబాయి, చిన్నవాడు రియాదు. చిన్నవాడు రోజూ పిలిచేవాడు, పెద్దవాడు వారానికోసారి. పెద్దవానికి ప్రేమ తక్కువని తల్లి నమ్మేది. ఆమెకు కారణం చెప్పడానికి నేను ఇంగ్లీషు జాబు వెతుక్కోలేదు, తపాలా బంట్రోతు కథ చెప్పాను. “గట్లనా బిడ్డా, నేను వానిని ఎంతగనం తిట్టుకున్ననో” అంది.

2023 జులై 7న ట్రాయ్ మళ్ళీ ఒక చర్చాపత్రం తెచ్చింది. వాట్సాపు వంటివాటికి నియంత్రణ ఉండాలా అన్న పాత ప్రశ్న, కొన్ని ఆప్‌లను మాత్రమే నిలిపివేయవచ్చునా అన్న కొత్త ప్రశ్న. తమ తీగల మీద ఎక్కువ సరుకు పంపే కంపెనీలు వాటా చెల్లించాలని టెలికాం కంపెనీలు కూడా గట్టిగా అడుగుతున్న సమయమది. ఈసారి నేను ఎవరి జాబూ తీసుకోలేదు. క్యాసెట్ల సంగతితో మొదలుపెట్టి తెలుగులోనే రాశాను. మూడు పుటలు వచ్చింది.